బాలింత పథ్యం

ప్రసవించిన స్త్రీని తెలుగులో బాలింత అంటారు. తెలంగాణలో బాలెంత అని, కొన్నిచోట్ల బాలింతరాలు అని కూడా వ్యవహరిస్తారు. ప్రసవమైన నాటి నుండి ఆమె ఏమి తినవలెను, ఏమి తినరాదు, ఎప్పుడు స్నానం చేయవలెను, ఎన్నాళ్ళు గడప దాటరాదు అనే విషయాలలో ఇంటి పెద్దలు పాటింపజేసే కట్టుబాట్లనే బాలింత పథ్యం లేదా పురిటి పథ్యం అంటారు. మొదటి కొద్ది రోజులలో ఉన్న స్త్రీని పచ్చి బాలింత అని, ఆమె శరీరాన్ని పచ్చి ఒళ్ళు అని చెప్పడం వాడుకలో ఉంది. పుండు మానక ముందు ఎట్లా పచ్చిగా ఉంటుందో ఒళ్ళు కూడా అట్లాగే ఉందన్న భావం ఇందులో కనిపిస్తుంది. ఈ భావం వైద్యశాస్త్రానికి విరుద్ధమైనదేమీ కాదు. ప్రసవానంతరం సుమారు ఒక కిలోగ్రాము బరువుండే గర్భాశయం 6 వారాలలో 100 గ్రాముల లోపునకు కుదించుకుపోతుంది. మాయ ఊడిన చోట ఏర్పడిన గాయం ఈ కాలంలోనే మానుతుంది. ఈ 6 వారాల వ్యవధినే వైద్యులు సూతికా కాలం అంటారు.

పథ్యంలో తల్లికి మేలు చేసేవి, మేలూ కీడూ చేయనివి, హాని చేసేవి కలిసిపోయి ఉన్నాయి. మొత్తంగా మంచిదని గాని మొత్తంగా మూఢనమ్మకమని గాని చెప్పడం సరికాదు. అందువలన ఒక్కొక్క ఆచారాన్ని విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

పురుడు, పుట్టిల్లు

తెలుగునాట తొలి కాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకొని వెళ్ళడం ఆచారం. సాధారణంగా మూడు నెలలు, కొన్ని కుటుంబాలలో ఐదు నెలలు ఆమె అక్కడే ఉంటుంది. పురుటి రోజులు గడిచాక శుద్ధి స్నానం, తరువాత బారసాల జరుగుతాయి. బాలింత మొదటిసారిగా నూతిలో చేద వేసి నీరు తోడే వేడుక కొన్ని కులాలలో ఉండేది. అంతవరకు ఆమె బరువు పనులు చేయరాదు. నూతి నీరు తోడడం, పిండి విసరడం, వడ్లు దంచడం ఆడవారి నిత్యకృత్యాలుగా ఉన్న కాలంలో ఈ నిషేధం చిన్న విషయం కాదు. పెళ్ళయిన స్త్రీకి విశ్రాంతిని హక్కుగా ఇచ్చిన సందర్భం బహుశా ఇదొక్కటే. ఇప్పుడు నుయ్యి లేదు, రోలు లేదు, పుట్టింట్లో తల్లి కూడా ఉద్యోగస్తురాలై ఉండవచ్చు. పథ్యంలోని తిండి నియమాలు చాలా ఇళ్ళలో అట్లాగే మిగిలాయి, విశ్రాంతి భాగం మాత్రం కుదించుకుపోయింది. విదేశాలలో ఉన్న కూతుళ్ళకు పురుడు పోయడానికి తల్లులు కాయం, కారప్పొడులు మూటగట్టుకొని విమానమెక్కడం గత కొన్ని దశాబ్దాలుగా సాధారణమైంది.

పథ్యంలో వాడే పదార్థాలు

బాలింతకు మొదట పెట్టేది కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము మొదలైన దినుసులను దంచి, బెల్లం పాకంలో నెయ్యి గాని నువ్వుల నూనె గాని చేర్చి లేహ్యంలా తయారుచేస్తారు. దినుసులు, పాళ్ళు ఇంటింటికీ మారుతాయి. ప్రతి ఉదయం చిన్న ఉసిరికాయంత ముద్ద తినిపిస్తారు. అన్నంలోకి వెల్లుల్లి కారం, శొంఠి పొడి, ధనియాల పొడి, పాత చింతకాయ పచ్చడి, వీటితో పాటు నెయ్యి. కూరలలో బీరకాయ, పొట్లకాయ, లేత ములగకాయ వంటివి కొన్నింటినే అనుమతిస్తారు. కోస్తా జిల్లాలలో మాంసాహారులు సొరచేపతో సొరపిట్టు చేసి పెడతారు. అది పాలు పడడానికి మంచిదని నమ్మకం.

నిషేధించే పదార్థాల జాబితా ఇంతకంటే పెద్దది. పెరుగు, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, చాలా రకాల పండ్లు చలువ అని. గుమ్మడి, వంకాయ, గోంగూర పడవని. కందిపప్పు, సెనగపప్పు వాతమని. గుడ్డు వేడి అని, ఇలా ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం చెబుతారు. నిమ్మకాయ తింటే కుట్లు చీము పడతాయన్న మాట నేటికీ వినిపిస్తుంది. నీరు ఎక్కువ త్రాగితే పొట్ట పెరుగుతుందని కొలత ప్రకారం ఇచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఆయుర్వేదంలో

ఆయుర్వేదంలో బాలింతను సూతిక అని, ఆమెకు చేయవలసిన ఉపచారాలను సూతికా పరిచర్య అని అంటారు. చరక, సుశ్రుత సంహితలలో ఇందుకు సంబంధించిన విధులు ఉన్నాయి. కాశ్యప సంహిత ముఖ్యంగా తల్లీబిడ్డల వైద్యానికి చెందిన గ్రంథం. ప్రసవం వలన వాతం ప్రకోపిస్తుందని, దానిని శమింపజేయడానికి నూనె మర్దన, వేడినీటి స్నానం, స్నేహ ద్రవ్యాలు, తేలికగా అరిగే గంజి వంటి ఆహారం ఇవ్వవలెనని వీటి సారాంశం. అయితే మన ఇళ్ళలో పాటించే పథ్యమంతా ఈ గ్రంథాల నుండి వచ్చినది కాదు. గ్రంథాలు జఠరాగ్నిని అనుసరించి ఆహారాన్ని క్రమంగా పెంచమంటాయి. నెలల తరబడి కారప్పొడి అన్నంతో సరిపెట్టమనడం ఇళ్ళలో ఏర్పడిన అలవాటు.

తెల్లన్నం, బెరిబెరి

పథ్యం వలన కలిగే నష్టం ఎంత తీవ్రంగా ఉండగలదో తెలిపే ఉదాహరణ ఆంధ్ర తీరంలోనే ఉంది. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరుపొందాయి. విటమిన్ బి1, అనగా థయమిన్, లోపించడం వలన ఈ వ్యాధి వస్తుంది. బియ్యపు గింజలో ఈ విటమిన్ ఎక్కువగా పైపొరలోనూ మొలకలోనూ ఉంటుంది. మరపట్టిన పచ్చి బియ్యంలో ఈ రెండూ పోతాయి. మిగిలినదానిలో కొంత బియ్యం కడిగిన నీటితో, మరికొంత వార్చిన గంజితో పోతుంది. తమిళ, కేరళ ప్రాంతాలలో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. వడ్లను ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి చొచ్చుకుపోతుంది కనుక మర పట్టినా కొంత మిగులుతుంది. అందుచేత అక్కడ ఈ వ్యాధి అరుదు.

కూనూరులోని పరిశోధనాలయ సంచాలకుడైన డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడ్, ఆయన సహచరులు ఈ విషయంపై విస్తృతంగా పనిచేసి 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై నివేదిక ప్రచురించారు. ఆ పరిశోధనాలయం 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి విచారణ కేంద్రంగానే మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. హైదరాబాదు తార్నాకలోని ఈ ప్రసిద్ధ సంస్థ పుట్టుకకు మూలం తెల్లన్నమే అని చెప్పవచ్చు.

బెరిబెరికి బాలింత పథ్యంతో సంబంధమేమిటన్నది ఇక్కడ ముఖ్యం. తల్లికి థయమిన్ తక్కువైతే ఆమె పాలలో కూడా తక్కువవుతుంది. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. బిడ్డ 2 నుండి 4 నెలల వయసులో ఉన్నట్టుండి పాలు మానడం, ఏడ్పు బొంగురుపోయి గొంతు పెగలకపోవడం, ఆయాసం వంటి లక్షణాలతో గుండె విఫలమై గంటలలో మరణించవచ్చు. థయమిన్ సూదిమందు సకాలంలో ఇస్తే అంతే వేగంగా కోలుకొంటుంది. తెల్లన్నం, నెయ్యి, కారప్పొడి మాత్రమే తిని పప్పుదినుసులు, వేరుసెనగలు, ఆకుకూరలు మానివేసే పథ్యం ఈ లోపానికి అనువైనది. కంబోడియా, మయన్మార్, కాశ్మీరులలో బాలింతల ఆహార నిషేధాలు పాటించే చోట్ల ఈ వ్యాధిని ఇటీవలి కాలంలో కూడా గుర్తించారు. దంపుడు బియ్యం, ముడి బియ్యం, ఉప్పుడు బియ్యం ఏది దొరికితే అది వాడడం, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టడం, రోజూ పప్పు తినడం దీనికి చవకైన నివారణలు. పథ్యంలో నువ్వులకు చోటు ఉండడం ఒక మంచి అంశం, వాటిలో థయమిన్ బాగానే ఉంటుంది. నూనెగా ఆడించినప్పుడు మాత్రం ఈ ప్రయోజనం ఉండదు.

రక్తహీనత

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయసు స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అనగా సగానికి పైగా స్త్రీలు కాన్పునకు ముందే రక్తం తక్కువై ఉంటారు. కాన్పులో పోయే రక్తం దీనికి అదనం. నీరసం, ఆయాసం, తలతిప్పు, చిరాకు అనేవి పచ్చి బాలింతకు సహజమేనని ఇంట్లోవారు అనుకొనే లక్షణాలలో చాలావరకు రక్తహీనత వలన కలిగేవే.

ఇక్కడ పథ్యం రెండు విధాలుగా అడ్డుపడుతుంది. ఆకుకూరలు, గుడ్డు, పప్పు మానిపించడం మొదటిది. పులుపు మానిపించడం రెండవది. శాకాహారంలోని ఇనుము శరీరానికి పట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. నిమ్మ, ఉసిరి, జామ వంటివి నిషేధిస్తే తిన్న కొద్దిపాటి ఇనుము కూడా పూర్తిగా వంటబట్టదు. నిమ్మకాయకు, కుట్లు చీము పట్టడానికి ఎట్టి సంబంధమూ లేదు. చీము సూక్ష్మజీవుల వలన పడుతుంది. మరొక వైపు వేడిగా ఉంటుందని రోజుకు మూడు నాలుగు సార్లు ఇచ్చే కాఫీ, టీలు ఇనుము గ్రహణాన్ని తగ్గిస్తాయి. వాటిని భోజనానికి గంట దూరంలో ఉంచడం మేలు.

2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రకారం గర్భిణికి 180 రోజులు, ప్రసవం తరువాత మరి 180 రోజులు, రోజుకొకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్ర ఇస్తారు. కాన్పు కాగానే ఈ మాత్రలు మానివేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. కాల్షియం మాత్రను దీనితో కలిపి మింగరాదు, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండవలెను. మలం నల్లబడడం ఇనుము వలన కలిగే మార్పే గాని ప్రమాదం కాదు. మలబద్ధకం కలిగితే మాత్ర మానడం కంటే నీరు, పండ్లు, కూరగాయలు పెంచడం మంచిది. ఈ మూడూ పథ్యం తగ్గించేవే కావడం గమనార్హం.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలలో రోజుకు 600 కిలో కేలరీలు, తరువాతి ఆరు నెలలలో 520 కిలో కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధనా మండలి సూచించింది. మరొక పూట భోజనంతో ఇది సమానం. తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు పెట్టడంలోని ఉద్దేశం ఇదే. బాలింత గడప దాటరాదన్న నియమం గట్టిగా ఉన్న ఇంటిలో ఆ భోజనం ఆమెకు అందదు.

తల్లి తిన్నది బిడ్డకు వాతం చేస్తుందా

పప్పు తింటే బిడ్డకు కడుపు ఉబ్బుతుందని చాలామంది తల్లులు నెలల తరబడి పప్పు ముట్టరు. పప్పులలోని పీచు, కొన్ని చక్కెరలు తల్లి పెద్దప్రేగులో పులిసి వాయువు పుడుతుంది. ఆ వాయువు పాలలోకి చేరదు. కొద్దిమంది శిశువులకు మాత్రం తల్లి త్రాగిన ఆవు పాలలోని మాంసకృత్తులు చనుబాల ద్వారా చేరి పడకపోవచ్చు. మలంలో రక్తపు జీర, తగ్గని దద్దుర్లు కనిపిస్తే వైద్యుని సలహాపై ఆ ఒక్క పదార్థాన్ని కొంతకాలం మాని చూడవచ్చు.

వెల్లుల్లి విషయంలో పెద్దల మాటకు కొంత ఊతం దొరికింది. 1991లో ఫిలడెల్ఫియాలోని పరిశోధకులు మెనెల్లా, బోషాంప్‌లు తల్లులకు వెల్లుల్లి ఇచ్చి పరిశీలించగా, పాల వాసన మారినప్పుడు శిశువులు రొమ్మును ఎక్కువసేపు పట్టుకొని త్రాగారు. వెల్లుల్లి వలన పాలు పెరుగుతాయని దీనితో ఋజువు కాలేదు.

పాలు పడడానికి మెంతులు, శతావరి (పిల్లిపీచర) వాడుక ఉంది. వీటిపై జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. వంటలో వేసే మెంతులతో ఇబ్బంది లేదు. మందుగా ఎక్కువ మోతాదులో తీసుకొంటే రక్తంలో చక్కెరను తగ్గించవచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులతో కలిసి పనిచేయవచ్చు. పాలు పెరగడానికి నిశ్చయమైన మార్గం బిడ్డ తరచుగా త్రాగడం, రొమ్ము ఖాళీ కావడం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించడం, ఆరు నెలల వరకు నీరు కూడా లేకుండా తల్లిపాలే ఇవ్వడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. నవజాత శిశువుకు తేనె నాకించడం ప్రమాదకరం, ఏడాది లోపు బిడ్డలకు దాని వలన బాట్యులిజం అనే పక్షవాతం వంటి వ్యాధి సోకే అవకాశముంది.

సహజమైనది కనుక హాని చేయదన్న నమ్మకం కూడా పరీక్షకు నిలబడదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి భార లోహాలు బయటపడ్డాయి. ఇంట్లో తెలిసిన దినుసులతో దంచుకొన్న కాయానికి, చీటీ లేని భస్మానికి ఈ తేడా గుర్తుంచుకోవలసి ఉంది.

స్నానం, సాంబ్రాణి, నడికట్టు

నూనె మర్దన, వేడినీటి స్నానం ఒళ్ళు నొప్పులకు హాయినిస్తాయి. సాంబ్రాణి పొగ, మంచం క్రింద కుంపటి సంగతి వేరు. తలుపులు బిగించిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు చేరుతుంది. పసిగుడ్డు ఊపిరితిత్తులకు ఏ పొగ అయినా చేటే. తల ఆరబెట్టుకోవడానికి పొడి తువాలు, ఎండ చాలు.

నడికట్టు అనగా నడుము చుట్టూ గట్టిగా చుట్టే గుడ్డ. నడుముకు ఆసరాగా ఉంటుంది గాని గర్భాశయాన్ని కుదించదు, ఆ పని శరీరం తానే చేసుకొంటుంది. మరీ బిగించి కడితే కటి కండరాలపై ఒత్తిడి పెరుగుతుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలుగా పడడం ప్రసవం తరువాత సాధారణం. సిగ్గుతో దీనిని ఎవరికీ చెప్పరు. మూత్రాన్ని ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను బిగించి, కొన్ని క్షణాలు నిలిపి వదలడం రోజుకు మూడు విడతలుగా చేస్తే చాలామందికి కొన్ని నెలలలో తగ్గుతుంది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. బిడ్డకు పాలిస్తూ కూడా చేయవచ్చు, ప్రత్యేకంగా సమయం అక్కరలేదు.

సిజేరియన్ తరువాత

పాత పథ్యం సహజ ప్రసవాన్ని ఉద్దేశించి ఏర్పడింది. పైన చెప్పిన సర్వే ప్రకారమే తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. ఇట్లాంటి తల్లిని కదలకుండా పడుకోబెట్టి, నీరు తగ్గించి ఇస్తే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ అయిన మరునాటికే లేచి నాలుగడుగులు వేయించడం అందుకే. విశ్రాంతి అంటే బరువులెత్తకపోవడం, ఇంటి చాకిరీ లేకపోవడం అని అర్థం చేసుకోవలెను. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం, కనుక గుడ్డు, పప్పు, పాలు, పెరుగు తొలినాళ్ళ నుండే తినవచ్చు.

నిద్ర, మనస్సు

కాన్పయిన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా ఏడ్పు రావడం, దిగులు కలగడం చాలామందిలో కనిపిస్తుంది. రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోయినా, తరువాత మొదలైనా, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా, తాను చెడ్డ తల్లినని అదే పనిగా తోస్తున్నా అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దీనిని గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టికను నేటికీ వాడుతున్నారు. పాలిస్తున్నప్పుడు వాడదగిన మందులు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బాలింతకు గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకొనే లోపల విలువైన వారాలు గడిచిపోతాయి.

నిద్ర విషయంలో మందుల కంటే మనుషులు ముఖ్యం. రాత్రి ఒక విడత బిడ్డ గుడ్డలు మార్చి జోకొట్టే పని భర్తో, అమ్మమ్మో, నాయనమ్మో తీసుకొంటే తల్లికి నాలుగైదు గంటల ఏకధాటి నిద్ర దొరుకుతుంది. బాలింతను చూడవచ్చే చుట్టాలకు కాఫీలు అందించే బాధ్యత బాలింతది కాదు.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళేటప్పుడు

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల వరకు వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. 50 మంది, ఆ పైన ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండవలెనని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చునని కూడా నిర్దేశించారు. ఈ నియమాలను 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేర్చారు. వరినాట్లకు వెళ్ళే కూలీకి, ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఈ సెలవు వర్తించదు. వారు నెల తిరగకుండానే పనికి వెళ్ళడం కద్దు.

పనికి వెళ్ళే తల్లి శుభ్రమైన చేతులతో పాలు పిండి మూత ఉన్న పాత్రలో ఉంచవచ్చు. 25 డిగ్రీల లోపు వేడిమిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలువ ఉంటాయి. మన వేసవిలో బయట అంతసేపు ఉంచరాదు. గోరువెచ్చని నీటి గిన్నెలో పాత్రను ఉంచి వేడిచేయవలెను, పొయ్యిపై కాచరాదు. మధ్యాహ్నం తినడానికి వేయించిన వేరుసెనగలు, నువ్వుండ, ఉడికించిన గుడ్డు, జామకాయ వంటివి వండే శ్రమ లేకుండా పథ్యం తీసివేసిన పోషకాలను తిరిగి ఇస్తాయి.

వెంటనే వైద్యం అవసరమయ్యే లక్షణాలు

ఆశా కార్యకర్త కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడవలసి ఉంటుంది. ఈ రాకపోకలకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితులు కొన్ని ఉన్నాయి. గంటలోపు ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం; 38 డిగ్రీల సెల్సియస్ (100.4 డిగ్రీల ఫారన్‌హీట్) దాటిన జ్వరం, దుర్వాసనతో కూడిన మైల, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, ఇది రక్తపోటు వలన కావచ్చు, కాన్పయ్యాక 6 వారాల వరకు కూడా వచ్చే వీలుంది, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం, మూర్ఛ, తనకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న తలంపు. రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వస్తే వైద్యం చేయించుకొంటూ పాలివ్వడం కొనసాగించవలెను, ఆపితే గడ్డ కట్టవచ్చు. పూర్వం వీటిలో చాలావాటిని సన్నిపాతం, గుణం, బాలింత వాతం అనే పేర్లతో పిలిచి, పథ్యం చెడినందువలన వచ్చాయని బాలింతనే తప్పుపట్టేవారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను కాన్పుకు ముందే గాక కాన్పు తరువాత కూడా పిలువవచ్చు.